విశాఖలో నేర దర్యాప్తు: దర్యాప్తు అధికారులు (ఐవోలు) ఎలా వస్తారు, ఎక్కడ నేర్చుకుంటారు, కేసు మీద ఎందుకు నిలవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపాను. మధ్యలో కొన్నేళ్లు శిక్షణలో ఉన్న ఎస్సైలకు సాక్ష్యం గురించి పాఠాలు చెప్పాను. కోర్టు వరండాలో వాయిదా కోసం కూర్చున్న బాధితుల కుటుంబాలూ, తెల్లారకముందే బీచ్ రోడ్డులో పరుగు ప్రాక్టీసు ముగించుకుని అటునుంచి అటే ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లలూ నన్ను ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడిగారు. ఒకరికి కేసు గెలవాలి, ఇంకొకరికి ఉద్యోగం కావాలి. ఇద్దరికీ కలిపి జవాబులు రాస్తున్నాను.

దేశమంతటికీ ఒకే పోలీసు లేదా? విశాఖలో నేరం జరిగితే దర్యాప్తు ఎవరిది?

ఒకే పోలీసు లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో పోలీసు రాష్ట్ర జాబితాలో ఉంది. గాజువాకలో దొంగతనమైనా, మధురవాడలో హత్య అయినా మొదటి బాధ్యత ఆంధ్రప్రదేశ్ పోలీసులదే. ఐపీఎస్ అధికారులు యూపీఎస్సీ ద్వారా ఎంపికై, హైదరాబాద్ శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొంది రాష్ట్రాలకు వస్తారు. వాళ్ల పని ఎక్కువగా పర్యవేక్షణ. రోజూ కేసు డైరీ రాసి, బోనెక్కి డిఫెన్సు లాయరు క్రాస్ ఎగ్జామినేషన్ ఎదుర్కొనేది ఎస్సై, సీఐలే. రైల్లోనో ప్లాట్‌ఫారం మీదో జరిగిన చోరీ రైల్వే పోలీసు విభాగం జీఆర్‌పీ చూస్తుంది. అది కూడా రాష్ట్ర పోలీసుల్లో భాగమే, రైల్వే శాఖ రక్షణ దళం ఆర్‌పీఎఫ్ వేరు.

ఐవో అంటే ఎవరు? కానిస్టేబుల్ దర్యాప్తు చేయవచ్చా?

ఐవో అంటే దర్యాప్తు అధికారి. ఛార్జిషీటు మీద ఎవరి సంతకం ఉంటుందో, దానికి కోర్టులో ఎవరు జవాబు చెప్పాలో ఆయన లేదా ఆమె. విశాఖ నగరంలో స్టేషన్‌కు పెద్ద సీఐ, ఆయన కింద ఎస్సైలు. హత్యలాంటి పెద్ద కేసులు సీఐ దగ్గర ఉంటాయి, కొట్లాటలు, చిన్న చిన్న కేసులు ఎస్సైలకు వెళ్తాయి. కొన్ని చట్టాలు ర్యాంకును ముందే కట్టేశాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులు 1995 నియమాల ప్రకారం డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి, అంటే నగరంలో ఏసీపీ. సైబర్ నేరాలకు వర్తించే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం కింద కేసు ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని వారు చేయాలి. అందుకే సైబర్ ఫిర్యాదులు పెరిగినప్పుడు ఎస్సైల సంఖ్య పెంచితే చాలదు, సీఐలు కావాలి. సీఐలు పదోన్నతి మీద వస్తారు గనుక వాళ్లను ఒక్క నోటిఫికేషన్‌తో తెచ్చుకోలేం.

కానిస్టేబుల్ ఐవో కాడు. కానీ చోరీ కేసుల్లో సొత్తు దొరకడానికి సగం కారణం మఫ్టీలో తిరిగే క్రైమ్ కానిస్టేబుళ్లే. ఏ తాళం ఎవరు విరగ్గొట్టే పద్ధతో, ఏ పాత నేరస్తుడు ఈమధ్యే జైలు నుంచి బయటికొచ్చాడో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ తెలివిడి ఏ రిజిస్టర్లోనూ ఉండదు. మనిషి బదిలీ అయితే దానితోపాటే పోతుంది.

ఎస్సై ఎలా అవుతారు?

రాష్ట్ర స్థాయి పోలీసు నియామక బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది. డిగ్రీ ఉండాలి, వయసు 21 నుంచి 27, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ప్రిలిమ్స్, తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, చివరికి నాలుగు పేపర్ల మెయిన్స్. పురుషులకు 1,600 మీటర్ల పరుగు 8 నిమిషాల్లో పూర్తవ్వాలి. మన ఏజెన్సీ గిరిజన అభ్యర్థులకు ఎత్తులో సడలింపు ఉంది, మగవారికి 167.6 సెంటీమీటర్ల బదులు 160 చాలు. పాడేరు, అరకు వైపు పిల్లలు ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టకపోవడం చూశాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పోస్టులు జోన్లవారీగా ఉంటాయి. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పాత జిల్లాలు ఒక జోన్.

నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. మెయిన్స్‌లో తెలుగు, ఇంగ్లిష్ పేపర్లు పాసైతే చాలు, సివిల్ ఎస్సైకి ర్యాంకు తెచ్చేవి లెక్కలు, రీజనింగ్, జనరల్ స్టడీస్. రేపు ఉద్యోగంలో చేరాక ఆ మనిషి జీవితమంతా రాతే. ఒక ముసలమ్మ చెప్పింది విని, అర్థం చేసుకుని, ఆమె చెప్పినట్టే కాగితం మీద పెట్టగలగాలి. ఎంపికలో దానికి అంత తక్కువ విలువ ఇవ్వకూడదు.

నోటిఫికేషన్లు ఆలస్యమైతే దర్యాప్తుకు ఏం నష్టం?

2018లో ఎస్సై నోటిఫికేషన్ వచ్చింది, మళ్లీ 2022 నవంబరులో వచ్చింది. ఈ రెండోసారి 411 ఎస్సై, 6,100 కానిస్టేబుల్ పోస్టులు ప్రకటించారు. కానిస్టేబుళ్ల తుది ఫలితాలు 2025లో గానీ రాలేదు. ఉద్యోగం కోసం ఎదురుచూసిన పిల్లల కష్టం అందరికీ కనిపిస్తుంది. స్టేషన్‌లో జరిగే నష్టం కనిపించదు. రెండు మూడేళ్ల అనుభవం ఉన్న ఎస్సై పక్కన కొత్త ఎస్సై నేర్చుకోవాలి. మధ్యలో బ్యాచ్‌లు లేకపోతే ఆ పక్కనుండే మనిషే ఉండడు. కొత్తవాళ్లు ఒక్కసారిగా గుంపుగా వస్తారు, నేర్పేవాళ్లు పదోన్నతి మీద వెళ్లిపోయి ఉంటారు.

పోలీసు శిక్షణ కళాశాల (పీటీసీ)లో ఏం నేర్పుతారు? అది చాలుతుందా?

నేరుగా ఎంపికైన సివిల్ ఎస్సైలకు దాదాపు ఏడాది శిక్షణ. అనంతపురం పోలీసు శిక్షణ కళాశాల దీనికి పేరుపొందింది. మనకు దగ్గర్లో విజయనగరం పీటీసీ ఉంది. పరేడ్, ఆయుధాలు, చట్టాలు, ఫోరెన్సిక్ సైన్సు, ఫోరెన్సిక్ మెడిసిన్, కేసు డైరీ రాయడం, కంప్యూటర్, అన్నీ సిలబస్‌లో ఉంటాయి. తర్వాత స్టేషన్లకు పంపి ప్రొబేషన్‌లో పని నేర్పుతారు.

చట్టం బాగానే వస్తుంది వాళ్లకు. సెక్షన్ అడిగితే నిద్రలో లేపినా చెబుతారు. రానిది సాక్షితో మాట్లాడడం, ఘటనా స్థలాన్ని చూడడం. ఇవి గదిలో కూర్చోబెట్టి చెప్పలేం, చెప్పడానికి నేను ప్రయత్నించాను కనుక తెలుసు. నల్లబల్ల మీద గది బొమ్మ గీసి రక్తపు మరక ఎక్కడుందో చూపిస్తే అందరూ రాసుకుంటారు. నిజమైన ఇంట్లోకి వెళ్లినప్పుడు అక్కడ ఏడుస్తున్న బంధువులు ఉంటారు, కిటికీలోంచి తొంగి చూసే వీధి జనం ఉంటారు, ఎవరో పాపం నేల తుడిచేసి ఉంటారు, పై అధికారి ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఆ గందరగోళంలో నిలబడి, ఎవరినీ దేన్నీ ముట్టుకోనివ్వకుండా, ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ వచ్చేదాకా ఆగగలగడమే అసలు పాఠం.

మరి ఆ పని ఎవరి దగ్గర నేర్చుకుంటారు?

మంచి సీఐ దగ్గర, పాత హెడ్ కానిస్టేబుల్ దగ్గర, స్టేషన్ రైటర్ దగ్గర. ఇది చేతిపని లాంటిది. కుమ్మరి కొడుకు సారె పక్కన కూర్చుని నేర్చుకున్నట్టే నేర్చుకోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. సాక్షి వాంగ్మూలం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 161వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 180. కొత్త ఎస్సైలు రాసిన వాంగ్మూలాలు చదివితే అందరు సాక్షులూ ఒకే భాష మాట్లాడతారు. పెదజాలారిపేటలో చేపలమ్మే అమ్మ కూడా "సదరు ముద్దాయి నన్ను దురుద్దేశపూర్వకముగా నెట్టివేసినాడు" అంటుంది. ఒక కేసులో డిఫెన్సు లాయరుగారు బోనులో ఉన్న సాక్షిని ఒకే ప్రశ్న అడిగారు: "అమ్మా, సదరు అంటే ఏమిటి?" ఆమె తెలీదు బాబూ అంది. ఆ మాటతో వాంగ్మూలం మొత్తం పోలీసులు అల్లిందేనన్న అనుమానం జడ్జిగారి మనసులో పడింది. నిజానికి ఆమె ఐవోతో చెప్పిన మాట "ఆడు నన్ను గెంటీసినాడు బాబూ". అలాగే రాసి ఉంటే ఎవరూ కదిలించలేకపోయేవారు. అదే స్టేషన్‌లో పాత హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ప్రొబేషనరీ ఎస్సైలకు మొదటి రోజు చెప్పే మాట, "సార్, సాక్షి మాట రాయండి, మన మాట వద్దు". ఆ వాంగ్మూలం రాసిన రోజు ఆయన సెలవులో ఉన్నాడు.

ఇంకొకటి. ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. అయినా కొత్తవాళ్లు భయంతో, భద్రంగా ఉంటుందనుకుని, సంతకం పెట్టించేస్తారు. ఇలాంటివి ఎవరైనా పక్కనుండి వేలు పెట్టి చూపిస్తేనే పోతాయి.

విశాఖలో క్రైమ్ పోలీసులు వేరు, లా అండ్ ఆర్డర్ వేరు కదా. దర్యాప్తును విడదీసినట్టే కదా?

సగమే. నగరంలో క్రైమ్ విభాగానికి డీసీపీ ఉన్నారు, క్రైమ్ సీఐలు, ఎస్సైలు ఉన్నారు. వాళ్ల చేతిలో ఉండేవి ముఖ్యంగా సొత్తు నేరాలు: ఇళ్ల చోరీలు, గొలుసు దొంగతనాలు, బైకులు. హత్య, అత్యాచారం, దాడి లాంటి మనిషి మీద జరిగే నేరాలు లా అండ్ ఆర్డర్ వైపే ఉంటాయి. అంటే ఊరేగింపు, ధర్నా, మంత్రి పర్యటన చూసే సీఐ దగ్గరే హత్య కేసు డైరీ కూడా ఉంటుంది.

2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది వేరు. దర్యాప్తు చేసే పోలీసులను శాంతిభద్రతల పోలీసుల నుంచి విడదీయాలి, 10 లక్షలు దాటిన నగరాలతో మొదలుపెట్టాలి అంది. 2011 జనాభా లెక్కల నాటికే విశాఖ 17 లక్షలు దాటింది. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్లు ఒకేచోట పదవీకాలం ఉండాలని కూడా అదే తీర్పు చెప్పింది. అంతకు ముందే జాతీయ పోలీసు కమిషన్, లా కమిషన్ 1996లో ఇచ్చిన 154వ నివేదికలో, మలిమత్ కమిటీ 2003లో ఇదే దారి చూపించాయి. ఇన్నిసార్లు చెప్పించుకున్న మాటను మన నగరం దొంగతనాల వరకు మాత్రమే పాటించింది. హత్య కేసుకు కూడా ఆ గౌరవం దక్కాలని నేను అడుగుతున్నాను.

బందోబస్తు వల్ల దర్యాప్తు నిజంగా దెబ్బతింటుందా, అది సాకా?

సాకు కాదు. అక్షయ తృతీయ నాడు సింహాచలం చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ, మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి గురువారాలు, నౌకాదళ విన్యాసాలు, పీఎం పాలెం స్టేడియంలో మ్యాచ్‌లు, మధ్యలో వీఐపీలు. లక్షల మంది వచ్చే చోట పోలీసులు ఉండకపోతే ప్రాణాలే పోతాయి, అందులో రెండో మాట లేదు. ఆ పనికి ఐవోను తీసుకుపోవడం దగ్గరే చిక్కంతా.

నేను నడిపిన ఒక హత్య కేసు ఇప్పటికీ నన్ను వదలదు. రాత్రి సందులో కత్తిపోటు. చూసిన సాక్షి ఒక్కడే, వీధిదీపం వెలుగులో ముద్దాయి ముఖం చూశానన్నాడు. ఐవో గీసిన స్థలపటంలో దీపస్తంభం సందుకు ఆ చివర ఉంది, సాక్షి చెప్పిన చోట చీకటి. క్రాస్‌లో ఐవో తడబడ్డారు. కేసు కొట్టేశారు. తర్వాత వరండాలో ఆయన్ని పక్కకు పిలిచి అడిగాను. "సార్, ఆ రోజు నేను కొండ మీద ఉన్నాను" అన్నారు. సింహాచలం బందోబస్తు. స్థలం చూసింది వేరే మనిషి, ఆయన చెప్పింది విని మూడోరోజు పటం గీసింది ఈయన. నేను తర్వాత ఒక సాయంత్రం ఆ సందుకు వెళ్లి నిలబడ్డాను. స్తంభం సాక్షి చెప్పిన చోటే ఉంది. అతను అబద్ధం చెప్పలేదు. పోయినవాడి తల్లికి ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక నేను చెప్పలేదు.

ఐవో చేసింది తప్పు, నేను వెనకేసుకురావడం లేదు. ఆయన్ని అక్కడ ఉండనిచ్చి ఉంటే మాత్రం ఆ తప్పుకు చోటే ఉండేది కాదు.

కొత్త చట్టాలు వచ్చాక శిక్షణలో ఏం మారాలి?

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు (న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమం) అమల్లోకి వచ్చాయి. సెక్షన్ నంబర్లు మారడం చిన్న విషయం, ఆరు నెలల్లో అలవాటైపోతుంది. పని పద్ధతి మారడం పెద్దది. సోదా, స్వాధీనం ఇక వీడియో తీయాలి, నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి, 176(3). దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలి.

వీడియో వచ్చాక పాత అలవాట్లు దాక్కోలేవు. మధ్యవర్తుల నివేదిక, అంటే సోదా, స్వాధీనం సాక్షుల ఎదుట జరిగాయని చెప్పే కాగితం, స్టేషన్‌లో రాసి, తర్వాత వీఆర్వో చేత సంతకం పెట్టించే రోజులు పోవాలి. నాకు ఈ మార్పు సంతోషమే. కాకపోతే ఫోన్ పట్టుకుని తీసేవాడికి కూడా తర్ఫీదు కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, మధ్యలో ఆపితే ఎందుకు అనుమానం వస్తుంది, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం ఎవరు ఇవ్వాలి, ఇవన్నీ రెండు గంటల ఆన్‌లైన్ క్లాసుతో వచ్చేవి కావు. విశాఖలో ప్రాంతీయ ఫోరెన్సిక్ లేబొరేటరీ ఉంది, కేజీహెచ్, ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉన్నాయి. ప్రతి కొత్త ఎస్సైని ల్యాబ్‌లో ఒక వారం, మార్చురీలో ఒక వారం కూర్చోబెడితే చాలు. తాము పంపిన సీసా సీలు సరిగా లేక వెనక్కి రావడం ఒకసారి కళ్లారా చూస్తే మళ్లీ ఆ పొరపాటు చేయరు.

గంజాయి కేసుల్లో ఇంత సరుకు పట్టుకున్నాక కూడా ఎందుకు వదిలేస్తారు?

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రశ్న. అల్లూరి జిల్లా కొండల నుంచి, ఆవల ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి వచ్చే సరుకుకు విశాఖ, అనకాపల్లి దారి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. 2024 చివర్లో రాష్ట్రం ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టింది, 1972 నంబరుకు సమాచారం ఇవ్వొచ్చు.

మత్తు పదార్థాల చట్టంలో శిక్షలు కఠినం. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్లకు తగ్గదు. శిక్ష కఠినం కాబట్టే పద్ధతి కూడా అంతే కఠినంగా పాటించాలని కోర్టులు అడుగుతాయి. సమాచారం అందగానే రాసి 72 గంటల్లో పై అధికారికి పంపాలి. మనిషి ఒంటిని సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ముందు సోదా కోరే హక్కు అతనికి ఉందని చెప్పాలి. నమూనాలు 52ఏ కింద మేజిస్ట్రేట్ సమక్షంలో తీయాలి. అన్నిటికంటే ఎక్కువమంది మరిచేది తూకం. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాత ఉన్న కొసలు. వాటితో కలిసి లేని ఆకులు, గింజలు లెక్కలోకి రావు. మొక్కను వేళ్లతో సహా కాటా మీద పెట్టి 23 కిలోలని రాస్తే, కొసల బరువెంత అని లాయరు అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు. అర్ధరాత్రి చెక్‌పోస్టు దగ్గర వానలో ఈ పని చేసే ఎస్సైకి ఇది చేతికి అలవాటైపోయి ఉండాలి. ఆ రాత్రి పుస్తకం తీసి చూసుకునే వీలుండదు.

కొట్టకుండా నిజం చెప్పిస్తారా అని అడుగుతారు. శిక్షణలో విచారణ పద్ధతి నేర్పుతారా?

నేర్పుతారు, కానీ స్టేషన్‌కు వచ్చాక ఎవరిని చూసి నేర్చుకున్నారన్న దాని మీదే ఆధారపడుతుంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు కొత్తగా బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క మాత్రమే నిలుస్తుంది. ఈ గీత గీసిన తీర్పు మన పల్నాడు నుంచి వెళ్లిన కేసులోదే. పులుకూరి కోటయ్య కేసు, బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ తీర్పు. ఈటె దాచిన చోటు చెప్పిన మాట చెల్లుతుంది, దానితో పొడిచానన్న మాట చెల్లదు. ఎనభై ఏళ్లు కావస్తున్నా దేశంలో ప్రతి క్రిమినల్ కోర్టులో ఆ తెలుగు పేరు వినిపిస్తూనే ఉంది.

కాబట్టి కొట్టి చెప్పించిన మాటతో కేసు నిలబడదు. మనిషిని కొట్టడం నేరం కూడా. నేను చూసినంతలో లాఠీ తీసే ఐవోకు వేరే సాక్ష్యం సేకరించే ఓపికో, తీరికో లేవు. సీసీ కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే తెచ్చుకుని, కాల్ రికార్డులు రప్పించి, టవర్ వివరాలు సరిపోల్చుకుని కూర్చున్న అధికారి ముందు ముద్దాయి ఏం చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

సైబర్ మోసాల దర్యాప్తుకు విశాఖలో తగినవాళ్లు ఉన్నారా?

ప్రత్యేక సైబర్ క్రైమ్ స్టేషన్ ఉంది. 2024 మేలో ఉద్యోగాల పేరుతో మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతి బయటపెట్టిందీ విశాఖ పోలీసులే. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాతే స్టేషన్‌కు. మొదటి గంటల్లో అయితే డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. కేంద్రం సైట్రెయిన్ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్ కోర్సులు ఇస్తోంది, వాటిని కానిస్టేబుళ్లు కూడా చేయవచ్చు. బీటెక్ చేసి కానిస్టేబుల్‌గా చేరిన పిల్లలు మన దగ్గర ఎందరో. వాళ్లను గేటు దగ్గర సెంట్రీగా నిలబెట్టడం నాకు అర్థం కాని సంగతి.

మహిళా ఐవోలు ఎందుకు అవసరం?

లైంగిక నేరాల్లో బాధితురాలి ఫిర్యాదును మహిళా అధికారి నమోదు చేయాలని చట్టం. వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. రెండు నెలల్లో దర్యాప్తు ముగియాలి. స్టేషన్‌లో ఉన్న ఒక్క మహిళా ఎస్సై అన్ని స్టేషన్ల కేసులకూ తిరగాల్సి వస్తే ఆమె ఏ కేసుకూ న్యాయం చేయలేదు. వాంగ్మూలం రాసేటప్పుడు పక్కన కూర్చోబెట్టే కానిస్టేబుల్‌గా చూడడం మాని, మొదటి నుంచి ఛార్జిషీటు దాకా కేసు ఆమెకే అప్పగిస్తేనే ఐవో అవుతుంది.

విశాఖలాంటి పరిశ్రమల ఊళ్లో ప్రమాద కేసులు ఎవరు చేస్తారు?

అదే స్టేషన్ సీఐ. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద కమ్ముకుని 12 మంది చనిపోయినప్పుడు కేసు కట్టింది గోపాలపట్నం స్టేషన్‌లో. అలాంటి కేసులో సాక్ష్యం ఎక్కడుంటుంది? ట్యాంకు ఉష్ణోగ్రత రాసిన లాగ్ బుక్కులో, శీతలీకరణ ఎప్పుడు ఆపారన్న రికార్డులో, స్టైరీన్ గట్టిపడకుండా కలిపే రసాయనం నిల్వ ఎంతుందన్న కాగితంలో. శవపంచనామా, గాయాల సర్టిఫికెట్లు ఎంత ముఖ్యమో మొదటి రోజే ఆ పుస్తకాలు స్వాధీనం చేసుకోవడం అంతే ముఖ్యం. పరవాడ, అచ్యుతాపురం వైపు కర్మాగారాలు ఇన్ని ఉన్నప్పుడు, ఫ్యాక్టరీల తనిఖీ శాఖతో కలిసి పనిచేసే పది మంది అధికారులకైనా ఈ విద్య ముందుగా నేర్పి ఉంచుకోవాలి.

సీబీఐ, ఎన్ఐఏ వాళ్ల దర్యాప్తు మెరుగ్గా ఎందుకు ఉంటుందంటారు?

వాళ్లకు బందోబస్తు ఉండదు. ఒక అధికారి చేతిలో కేసులు తక్కువ. సీబీఐకి ఘజియాబాద్‌లో సొంత అకాడమీ ఉంది, ఎస్సైలను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా తీసుకుంటుంది, రాష్ట్రాల నుంచి డెప్యుటేషన్ మీద కూడా తీసుకుంటుంది. విశాఖలో సీబీఐ అవినీతి నిరోధక బ్రాంచి ఉంది. నౌకాదళ రహస్యాలు చేరవేసిన విశాఖ గూఢచర్యం కేసును ఎన్ఐఏ చేసింది. మన స్టేషన్ ఎస్సై వాళ్లకంటే తెలివితక్కువవాడని నేను ఒప్పుకోను. అదే మనిషి డెప్యుటేషన్ మీద వెళ్లి అక్కడ చక్కటి ఛార్జిషీటు రాయడం చూశాను.

రాష్ట్ర అధికారులకూ మంచి కోర్సులు ఉన్నాయి. హైదరాబాద్ రామంతాపూర్‌లో 1964 నుంచి కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ నడుస్తోంది. అక్కడ సీటు వచ్చినా స్టేషన్ నుంచి మనిషిని వదలరు. ఒకవేళ వెళ్లి నేర్చుకుని వచ్చినా, వేలిముద్రల కోర్సు చేసినాయన మర్నాడు ట్రాఫిక్‌లో ఉంటాడు.

కేసు ఓడిపోతే ఆ తప్పుల నుంచి ఎవరైనా నేర్చుకుంటారా?

నేర్చుకోవాలని 2014లో గుజరాత్ ప్రభుత్వం, కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముద్దాయి విడుదలైన ప్రతి కేసునూ పరిశీలించి, లోపం దర్యాప్తుదా, ప్రాసిక్యూషన్‌దా తేల్చి, దాన్ని కొత్త అధికారుల శిక్షణ పాఠాల్లో చేర్చమంది. నా దృష్టిలో దర్యాప్తు శిక్షణ గురించి మన కోర్టులు చెప్పినవాటిలో ఇంతకంటే పనికొచ్చే మాట లేదు. నేను పాఠం చెప్పేటప్పుడు పేర్లు తీసేసి తీర్పుల నకళ్లు పంచేవాణ్ని. ఆ దీపస్తంభం కేసు చదివిన రోజు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. మరుసటి వారం ఒక అమ్మాయి వచ్చి, సెలవు రోజున తమ ఊళ్లో సందు పటం కొలతలతో గీసి తెచ్చి చూపించింది. స్తంభాలు, అరుగులు, కుళాయి, అన్నీ ఉన్నాయి అందులో.

మా కేసు మధ్యలో ఐవో బదిలీ అయ్యారు. మేమేం చేయాలి?

కొత్త ఐవోను కలిసి, ఫిర్యాదు నకలు, ఎఫ్‌ఐఆర్ నకలు, మీ దగ్గరున్న సాక్షుల పేర్ల జాబితా ఆయనకు మళ్లీ ఇవ్వండి. పాత ఫైలు ఆయన అప్పటికే చదివేసి ఉంటారని అనుకోకండి. 90 రోజుల్లో పురోగతి తెలియజేయాలన్న నిబంధన గుర్తుచేస్తూ రాతపూర్వకంగా అడగండి. కేసే కట్టకపోతే డీసీపీకి, ఆపైన మేజిస్ట్రేట్‌కు వెళ్లే దారి నాగరిక్ సురక్షా సంహిత 173(4)లో ఉంది.

విచారణ నాటికి పాత ఐవో ఎక్కడో దూరాన ఉంటే, ఆయన తయారుచేసిన నివేదికల గురించి ఆ స్థానంలో ఉన్న అధికారి సాక్ష్యం చెప్పేందుకు అదే సంహిత 336వ సెక్షన్ వీలిస్తుంది. దానివల్ల వాయిదాలు తగ్గుతాయి, నిజమే. కానీ స్థలం చూసిన కళ్లు వేరు, బోనులో జవాబు చెప్పే నోరు వేరు. మీ కేసు హత్యో, అత్యాచారమో అయితే పాత ఐవోనే పిలిపించమని మీ ప్రాసిక్యూటర్‌ను అడగండి. ఆయన ఇప్పుడు శ్రీకాకుళంలో ఉన్నా, పాడేరులో ఉన్నా సమన్లు పంపవచ్చు, వీడియో ద్వారా కూడా సాక్ష్యం తీసుకోవచ్చు. వాయిదాకు రెండు రోజుల ముందు కోర్టు కానిస్టేబుల్‌ను కలిసి సమన్లు అందాయో లేదో కనుక్కోండి.